సేంద్రియ రైతుతో సీజన్ ఒప్పందం: పొలంలో వాటాదారుగా చేరడం ఎలా?

హైదరాబాద్ పక్కన చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు కూరగాయలు పండించే రైతుకు నారు పోసే రోజున తెలియనిది ఒకటే: కోతకు వచ్చేసరికి ధర ఎంత ఉంటుందో. విత్తనం, ఎరువు, కూలి, డ్రిప్పు మరమ్మతు ఖర్చులు మాత్రం ముందే మీద పడతాయి. ఆ పెట్టుబడి కోసం నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు చేస్తాడు, లేదా మార్కెట్లో కమీషన్ ఏజెంటు దగ్గర అడ్వాన్సు తీసుకుంటాడు. అడ్వాన్సు తీసుకున్నాక సరుకు ఆ ఏజెంటు దగ్గరికే తోలాలి, ఆయన చెప్పిన ధరకే ఇవ్వాలి. మందులు మానేసి సేంద్రియంలోకి రావాలనుకునే రైతును వెనక్కి లాగేది చాలాసార్లు ఈ అప్పే.

సీఎస్ఏ, అంటే కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్, ఈ ముడిని మొదట్లోనే విప్పుతుంది. కొన్ని కుటుంబాలు కలిసి సీజన్ మొదలవ్వకముందే రైతుకు డబ్బు కడతాయి. పంట మొదలయ్యాక ప్రతి వారం పొలంలో ఏది పండితే అందులో తమ వాటా తీసుకుంటాయి. బాగా పండిన వారం బుట్ట బరువుగా వస్తుంది, వడగళ్లు పడిన వారం తేలికగా వస్తుంది. జపాన్‌లో 1970లలో ‘తేకేయి’ పేరుతో గృహిణులు, రైతులు కలిసి ఇలాంటి ఒప్పందాలు చేసుకున్నారు. అమెరికాలో 1986లో మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాల్లోని రెండు పొలాలతో మొదలైంది. మన దగ్గర ఈ పేరుతో నడిచేవి తక్కువే కానీ, హైదరాబాద్, విజయవాడ, విశాఖ చుట్టూ ఈ పద్ధతికి ఒప్పుకునే రైతులు ఉన్నారు. వాళ్లను వెతకడం నుంచి రెండో సీజన్‌కు డబ్బు కట్టడం వరకు ఏం చేయాలో ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందు మీ వంటగదిని చూసుకోండి

పొలం వెతకడానికి ముందు రెండు వారాల పాటు ఇంట్లో ఏ కూరలు వండారో ఒక కాగితం మీద రాయండి. ఆ జాబితాలో బంగాళాదుంప, ఉల్లిపాయ, టమాటా, క్యాప్సికమ్ తప్ప పెద్దగా ఏమీ లేకపోతే సీఎస్ఏ మీకు కష్టమవుతుంది. పొలం ఇచ్చేవి వేరు. తోటకూర, గోంగూర, చుక్కకూర, బచ్చలి, గోరుచిక్కుడు, సొరకాయ, పొట్లకాయ, దొండకాయ, దోసకాయ, ముల్లంగి వస్తాయి. ఒక్కోసారి మూడు వారాలు వరసగా బీరకాయే రావచ్చు. బీరకాయ పప్పు, బీరపొట్టు పచ్చడి, బీరకాయ పాలు పోసిన కూర అని మార్చి మార్చి వండే ఓపిక ఇంట్లో ఎవరికైనా ఉండాలి. వంట ఒక్కరే చేసే ఇల్లయితే ఆ ఒక్కరి మాటే ఆఖరు మాట. వాళ్లను అడగకుండా డబ్బు కట్టకండి.

ఎంత కావాలో కూడా లెక్క వేసుకోండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకు సుమారు 400 గ్రాముల కూరగాయలు తినమంటుంది. నలుగురున్న ఇంటికి ఆ ప్రకారం వారానికి 11 కిలోలు దాటుతుంది. చాలా ఇళ్లలో అంత తినరు. అందుకే మొదటి సీజన్‌కు సగం వాటా, అంటే వారానికి ఐదారు కిలోలు, చాలు. పొలంలో సగం వాటా లేకపోతే పక్కింటి వాళ్లతో కలిసి ఒకటి తీసుకోండి.

పొలాన్ని ఎక్కడ వెతకాలి

ఆన్‌లైన్‌లో ‘ఆర్గానిక్ సబ్‌స్క్రిప్షన్’ అని వెతికితే వచ్చేవాటిలో ఎక్కువ భాగం పది చోట్ల నుంచి సరుకు కొని ఇంటికి పంపే వ్యాపారాలు. అవి చెడ్డవని అనను. కానీ అక్కడ మీకు రైతు కనిపించడు, మీ డబ్బు విత్తనానికి ముందు ఆయన చేతికి చేరదు. అది సీఎస్ఏ కాదు. నెలకింతని కట్టి చిన్న మడి అద్దెకు తీసుకుని, అందులో పండింది తెచ్చుకునే పద్ధతి కూడా ఒకటుంది. పిల్లలకు పొలం చూపించాలనుకునే వాళ్లకు అది బాగుంటుంది. అయితే చిన్న మడిలో రకాలు తక్కువ, తెగులు వస్తే మొత్తం పోతుంది.

నిజమైన సీఎస్ఏ రైతును పట్టుకోవడానికి తెలంగాణలో నేనైతే మొదట సేంద్రియ రైతుల సహకార సంఘాలను అడుగుతాను. హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ సస్టైనబుల్ అగ్రికల్చర్ చాలా ఏళ్లుగా ఇలాంటి సంఘాలతో పనిచేస్తోంది. వాటి పంటను అమ్మడానికి పుట్టిందే ‘సహజ ఆహారం’ సంస్థ. జనగామ జిల్లా ఏనబావి లాంటి ఊళ్లు రసాయనాలు ఎప్పుడో వదిలేశాయి. బియ్యం, పప్పుల కోసం అలాంటి ఊళ్లతో నేరుగా మాట్లాడుకోవచ్చు. చిరుధాన్యాలైతే జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం నడుపుతోంది. మీకు దగ్గరి గ్రామంలోని రైతు సేవా కేంద్రంలో అడిగితే ప్రకృతి వ్యవసాయం చేసే రైతులెవరో చెబుతారు. రైతుబజార్లకు, వారాంతపు ఆర్గానిక్ సంతలకు వెళ్లి, స్టాల్‌లో కూర్చున్నది రైతో వ్యాపారో మాటల్లో తెలుసుకోండి. ‘ఈ వంగ ఏ నెలలో నాటారు?’ అని అడగండి, తేడా వెంటనే తెలుస్తుంది.

అపార్ట్‌మెంట్‌లో పదిహేను ఇరవై కుటుంబాలు కలిసి ఒక్క రైతుతో ఒప్పందం చేసుకోవడం అన్నిటికంటే మంచిదని నా గట్టి నమ్మకం. రైతు ఆటో ఒక్క చోటికే వస్తుంది. అందరి డబ్బు కలిస్తే ఆయన పెట్టుబడికి సరిపోతుంది. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్‌తో మొదలుపెట్టవచ్చు. కాకపోతే బాధ్యత తీసుకునే వాళ్లు ఇద్దరుండాలి. ఒక్కరే అయితే రెండు నెలల్లో అలసిపోతారు.

పొలానికి వెళ్లి చూడండి

ఇది దాటేయకూడని పని. ఫొటోలు, వీడియోలు చూసి డబ్బు కట్టకండి. ఒకసారి ఉదయం పూట వెళ్లండి. ముందుగా చెప్పి వెళ్లండి, ఎందుకంటే కోత రోజుల్లో రైతుకు తల గోక్కునే తీరిక కూడా ఉండదు.

పొలంలో అడుగుపెట్టగానే నేల చూడండి. సేంద్రియం నాలుగైదేళ్లుగా నడుస్తున్న మడిలో మట్టిని పిడికిట్లోకి తీసుకుంటే మెత్తగా విరిగిపోతుంది, వానపాములు కనిపిస్తాయి. మొక్కల మధ్య ఎండుగడ్డి, ఆకులతో ఆచ్ఛాదన ఉంటుంది. గట్ల మీద గడ్డి పసుపు రంగుకు తిరిగి మాడినట్టు ఉంటే గడ్డి మందు కొట్టారేమో అడగండి. మండు వేసవిలో ఎండకు కూడా గడ్డి మాడుతుంది కాబట్టి కాలం చూసి అనుమానించండి.

పంటలు ఎన్ని రకాలున్నాయో లెక్కపెట్టండి. ఎకరం మొత్తం టమాటాయే ఉంటే అది మార్కెట్ కోసం వేసిన పంట. వారం వారం బుట్ట నింపాలంటే కనీసం పదీ పన్నెండు రకాలు వేర్వేరు వయసుల్లో ఉండాలి. తోటకూర, మెంతికూర ఇరవై ఐదు, ముప్ఫై రోజుల్లో కోతకు వస్తాయి. బెండ నలభై ఐదు రోజులు, వంగ, టమాటా నాటాక రెండు నెలలు దాటాలి. ఆకుకూరలను పదిహేను రోజులకోసారి కొత్త మడిలో చల్లుతున్నారా, వంగ కాస్తుండగానే తరువాతి నారు సిద్ధమవుతోందా అన్నది చూడండి. వ్యవసాయం తెలియని వాళ్లు కూడా దీన్ని పట్టుకోగలరు. ఈ వరస లేని పొలం మొదటి నెల బుట్ట నింపి, తర్వాత చేతులెత్తేస్తుంది.

ఇక ప్రశ్నలు. ‘అన్నా, మందులు కొడతారా?’ అని అడిగితే ఎవరైనా ‘లేదు’ అనే చెబుతారు. దానికి బదులు ఇలా అడగండి:

‘వంగలో కాయతొలుచు పురుగు వస్తే ఏం చేస్తారన్నా?’ నిజంగా చేసే రైతు ఆగకుండా చెబుతాడు. పుచ్చిన కొమ్మలు తుంచేస్తామని, మగ పురుగులను పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టామని, వేపనూనె లేదా వేపాకు, మిరపకాయ లాంటివాటితో చేసే నీమాస్త్రం, అగ్నిఅస్త్రం కషాయాలు కొడతామని, అయినా కొంత పోతుందని అంటాడు. ‘మా దగ్గర పురుగే రాదు’ అంటే ఇంకో పొలం చూసుకోండి.

‘జీవామృతం ఎప్పుడు కలిపారు?’ అని అడిగి డ్రమ్ము చూపించమనండి. ఇది నేలకు పోసే పులియబెట్టిన ద్రవం. ఎకరానికి 200 లీటర్ల నీళ్లలో పది కిలోల ఆవు పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల చొప్పున బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు పొలం మట్టి కలుపుతారు. వాడుతున్న డ్రమ్ము దగ్గర పులిసిన వాసన వస్తుంది. మూలన ఎండిపోయి బూజుపట్టిన డ్రమ్ము ఉంటే, అది చూపించడానికే ఉంచారని అర్థం.

‘పశువులు ఉన్నాయా, ఎరువు ఎక్కడి నుంచి వస్తుంది?’ కొనుక్కుంటే ఎవరి దగ్గర కొంటున్నారో కూడా చెప్పగలగాలి. ‘పక్క చేనులో ఏం వేశారు, వాళ్లు మందు కొడితే మీ వైపు పడకుండా ఏం చేస్తారు?’ చుట్టూ నాలుగు వరసలు జొన్నో మొక్కజొన్నో గోడలా వేసిన రైతు ఈ విషయం ఆలోచించినట్టే. ‘పోయిన ఏడాది ఏ పంట దెబ్బతింది?’ అని తప్పకుండా అడగండి. నష్టం గురించి దాచకుండా మాట్లాడే మనిషితో సీజన్ నడుస్తుంది.

పొలంలో ఆడవాళ్లు పనిచేస్తుంటే వాళ్లతోనూ మాట్లాడండి. కలుపు ఎవరు తీస్తారు, ఎన్నిసార్లు తీస్తారు అన్నది అక్కా, వదినా అని పలకరించి అడిగితే, యజమాని చెప్పిన దానికంటే ఎక్కువ తెలుస్తుంది. వాళ్ల కూలి సరిగ్గా అందుతోందా అన్నది కూడా మీకు పట్టాలి.

సర్టిఫికెట్ ఉండాలా?

ఉంటే మంచిది, లేకపోయినా తప్పు కాదు. ఎన్‌పీఓపీ, అంటే కేంద్రం నడిపే జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం కింద ఇచ్చే సర్టిఫికెట్, దానితో వచ్చే ‘ఇండియా ఆర్గానిక్’ గుర్తు, ఎక్కువగా ఎగుమతికి, పెద్ద అమ్మకాలకు పనికొచ్చేవి. చిన్న రైతుకు ఆ ఖర్చు, కాగితాల పని భారం. దేశంలో అమ్ముకునే వాళ్లకు పీజీఎస్-ఇండియా అనే తేలికైన సర్టిఫికెట్ పద్ధతి ఉంది. కనీసం ఐదుగురు రైతులు ఒక గ్రూపుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు. ‘పీజీఎస్-గ్రీన్’ అని ఉంటే ఆ పొలం ఇంకా సేంద్రియానికి మారే దశలో ఉందని, ‘పీజీఎస్-ఆర్గానిక్’ అని ఉంటే ఆ దశ దాటిందని అర్థం. ఆహార భద్రతా సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) 2017లో తెచ్చిన నిబంధనలు, నేరుగా వినియోగదారుడికి అమ్ముకునే చిన్న రైతుకు సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఇచ్చాయి. అలాంటి వాళ్లు ‘జైవిక్ భారత్’ లాంటి సేంద్రియ లోగో మాత్రం వాడకూడదు. సర్టిఫికెట్ లేని రైతు కవర్ల మీద ఆ లోగో కనిపిస్తే అక్కడే ఆగిపోండి.

మారే దశలో ఉన్న రైతును చాలామంది వద్దనుకుంటారు. నేను దీనికి ఒప్పుకోను. దిగుబడి పడిపోయేది, చేతిలో డబ్బు ఆడనిది ఆ మొదటి రెండు మూడేళ్లలోనే. వాటాదారుల డబ్బు అప్పుడే ఎక్కువ పనికొస్తుంది. ఆయన నిజం చెప్పి, మీరు తెలిసి చేరితే అందులో మోసం ఏమీ లేదు.

డబ్బు లెక్క, కాగితం మీద మాట

వాటా ధర మార్కెట్ ధరను బట్టి కట్టేది కాదు. పొలం ఖర్చును బట్టి కడతారు. లెక్క తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఉదాహరణ అనుకుందాం. సీజన్‌కు విత్తనాలు, ఎరువు, కూలి, రవాణా కలిపి 1,60,000 రూపాయలు, రైతు కుటుంబం ఐదు నెలల బతుకుకు 1,20,000. మొత్తం 2,80,000. కుటుంబాలు 25 అయితే ఒక్కొక్కరికి 11,200. ఇరవై వారాలు బుట్ట వస్తే వారానికి 560. మీ రైతు అంకెలు వేరుగా ఉంటాయి, కానీ ఈ పద్ధతిలో లెక్క చూపించమని అడగడంలో తప్పులేదు. రైతు తన కుటుంబ ఖర్చు రాయడానికి మొహమాటపడితే మీరే అడిగి రాయించండి. ఆ గీత లేని లెక్క ఎక్కువ రోజులు నిలబడదు.

కట్టాక ప్రతి వారం మార్కెట్ ధరతో పోల్చుకోవడం మానేయాలి. 2023 జులైలో టమాటా కిలో వంద రూపాయలు దాటింది. ఇంకో ఏడాది అదే టమాటా కిలో రెండు మూడు రూపాయలకు పడిపోయి, రైతులు రోడ్డు మీద పారబోస్తారు. సీఎస్ఏలో ఈ రెండూ మీకు, రైతుకు తగలవు. ధర పడిన వారాల్లో ‘బయట చవక కదా’ అనే మాట గ్రూపులో మొదలైతే, దాన్ని మొదట్లోనే సర్దిచెప్పాలి.

మొత్తం ఒకేసారి కట్టలేకపోతే సగం ముందు, మిగతాది రెండు విడతల్లో కట్టే ఏర్పాటు అడగండి. నెల నెలా కట్టే పద్ధతి మీకు సౌకర్యమే కానీ, రైతు పెట్టుబడి కష్టం తీరదు.

ఒక పేజీ కాగితం తెలుగులో రాసుకోండి, లాయరు అక్కర్లేదు. ఎన్ని వారాలు, ఏ రోజు, ఏ చోట బుట్ట దింపుతారు. మీరు ఊరెళ్తే ఆ వారం బుట్ట ఎవరికి ఇస్తారు. వాన, వడగళ్లు, బోరు ఎండిపోవడం వల్ల పంట పోతే డబ్బు వెనక్కి రాదని, అయితే రైతు పంటే వేయకపోతే వస్తుందని స్పష్టంగా ఉండాలి. పంట చాలనప్పుడు బయటి నుంచి కొని కలపవచ్చా అన్నది అన్నిటికంటే ముఖ్యం. నా సలహా: కొనవచ్చు, కానీ పక్క సేంద్రియ రైతు దగ్గరే కొనాలి, ఆ సంచి మీద ఎవరి పొలమో రాయాలి. చాలా ఒప్పందాలు తెగిపోయేది చెప్పకుండా కలిపిన మార్కెట్ సరుకు దగ్గరే.

ఎప్పుడు చేరాలి

మొదటిసారి అయితే సెప్టెంబర్ ఆఖరులో డబ్బు కట్టి, శీతాకాలం పంటతో మొదలుపెట్టండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు మన పొలాల్లో రకాలు ఎక్కువ, తెగులు తక్కువ. పందిరి చిక్కుడు, క్యాబేజీ, క్యారెట్, పాలకూర, మెంతికూర అన్నీ అప్పుడే. వానాకాలంలో చేరాలంటే మృగశిర కార్తె రాకముందే, మే నెలలో మాట్లాడుకోవాలి.

శీతాకాలం బుట్ట చూసి పొలానికి మార్కులు వేయకండి. రైతు పనితనం తెలిసేది ఏప్రిల్, మే నెలల్లో. ఎండ ముదిరాక టమాటా పూత రాలిపోతుంది, ఆకుకూరలు వడలిపోతాయి. అప్పుడు ములక్కాడలు, దోసకాయ, దొండ, గోంగూర, మామిడికాయలతో బుట్ట నడపగలిగితే ఆయన మంచి ప్రణాళిక ఉన్న రైతు. కొన్ని పొలాలు ఆ రెండు నెలలు బుట్ట ఆపేస్తామని ముందే చెబుతాయి. అది కూడా నిజాయితీ గల పద్ధతే.

బుట్ట ఇంటికి వచ్చిన రోజు

అరగంట కేటాయించండి. ఆకుకూరలను కడగకుండా, పాడైన ఆకులు ఏరి, పొడి నూలుగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. తడిగా పెడితే రెండో రోజుకే కుళ్లుతాయి. ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్‌లకు ఆకులు వెంటనే కోసేయాలి, లేకపోతే దుంపలో నీరంతా అవి లాగేస్తాయి. ముల్లంగి ఆకు పప్పులోకి వెళ్తుంది. దోరగా ఉన్న టమాటాలు బయటే ఉండాలి.

వండే వరస కూడా అప్పుడే అనుకోండి. మొదటి రెండు రోజులు తోటకూర, పాలకూర, మెంతి. తర్వాత బెండ, బీర, గోరుచిక్కుడు. చివరకు సొర, దోస, గుమ్మడి. ఎక్కువైన గోంగూరను అదే రోజు వేయించి పచ్చడికి సిద్ధం చేస్తే తర్వాతి రోజుల్లో అది మీకు పనికొస్తుంది. వంకాయ, గోరుచిక్కుడు, దోస ఒరుగులు, బూడిద గుమ్మడి వడియాలు, మజ్జిగ మిరపకాయలు మన పెద్దవాళ్లు చేసింది ఇలాంటి ఎక్కువ తక్కువల కోసమే. ఫిబ్రవరి, మార్చిలో పెట్టిన ఒరుగులు మే నెల బుట్ట లోటు పూడుస్తాయి. ఇంట్లో అమ్మమ్మో నానమ్మో ఉంటే ఈ పని వాళ్ల చేతి కింద నేర్చుకోండి.

ఆకులో చిల్లులు, వంకాయలో ఒకటీ అరా పుచ్చు ఉంటాయి, కోసి పారేయండి. సగం కాయలు పుచ్చివస్తే మాత్రం ఫొటో తీసి అదే రోజు రైతుకు నేరుగా పంపండి. గ్రూపులో పెట్టి నలుగురి ముందు నిలదీయకండి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు

అక్కడ ఈ పద్ధతి పాతుకుపోయింది, ‘లోకల్ హార్వెస్ట్’ సైట్‌లో మీ జిప్ కోడ్ దగ్గరి పొలాలు దొరుకుతాయి. ఉత్తరాది రాష్ట్రాల్లో పంట జూన్ నుంచి అక్టోబర్ వరకు ఉంటుంది కాబట్టి చాలా పొలాలు చలికాలంలోనే, జనవరి నుంచి మార్చి మధ్య, పేర్లు తీసుకుంటాయి. ఫుల్ షేర్, హాఫ్ షేర్ అని రెండు ఉంటే హాఫ్ షేర్ చాలు. కేల్, స్విస్ చార్డ్, నూల్‌కోల్, టర్నిప్ ఎక్కువగా వస్తాయి. స్విస్ చార్డ్‌ను పాలకూరలా పప్పులో వేయండి, కేల్‌ను సన్నగా తరిగి వెల్లుల్లి కారంతో వేపుడు చేయండి, నూల్‌కోల్ సాంబారులో బాగుంటుంది. తెలుగు కుటుంబాలు నలుగురైదుగురు ఒకే పొలంలో చేరితే, వచ్చే ఏడాది గోంగూర, బెండ ఒక సాలు వేయమని అడగవచ్చు. విత్తనాలు వేసే ముందే అడగాలి.

సీజన్ నడుస్తుండగా, రెండోసారి కట్టే ముందు

నెలకోసారైనా పొలానికి వెళ్లండి. కలుపు తీసే రోజో, ఆకుకూరలు కట్టలు కట్టే రోజో రెండు గంటలు చేయి వేయండి. సంచులు, డబ్బాలు తిరిగి ఇచ్చేయండి, అవి కొనడం కూడా రైతుకు ఖర్చే. బుట్ట తేలికగా వచ్చిన వారం కారణం ఏమిటో గ్రూపులో రాయమని రైతును అడగండి. రాయడం అలవాటు లేకపోతే వాయిస్ మెసేజ్ చాలు.

సీజన్ అయ్యాక అందరూ ఒక పూట కూర్చోండి. ఏవి ఎక్కువ వచ్చాయి, ఏవి ఇంట్లో మిగిలిపోయాయి, ఎన్ని వారాలు బుట్ట రాలేదు అన్నది చెప్పుకోండి. రైతు ఖర్చు అనుకున్న దానికంటే పెరిగితే వాటా ధర పెంచే మాట మీ వైపు నుంచే రావాలి, ఆయన నోరు తెరిచి అడగలేడు. వచ్చే సీజన్ పంటల జాబితా అక్కడే రాయించి, నారు పోయడానికి కనీసం మూడు వారాల ముందు డబ్బు ఆయన ఖాతాలో పడేలా తేదీ పెట్టుకోండి.